కల్సుమ్ గొడుగు

కల్సుమ్‌కి కోపం వస్తే ముందు ముక్కుపుటాలు అదురుతాయి, ఆ తరవాత గొంతు లేస్తుంది. ఆ రోజు రెండూ ఒక్కసారే జరిగాయి. కౌలాలంపూర్ జాతీయ మసీదు కప్పుకి ఉన్న గులాబీ రంగు కనబడకుండా పైన నీలం పలకలు పరుస్తున్నారని కోడలు మాటవరసకి చెప్పింది. అంతే, చేతిలో చేపల బుట్ట అక్కడే పడేసి, తలగుడ్డ సరిచేసుకుని, బస్సెక్కింది. అరవై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులు బస్సు దిగాక గుర్తొచ్చాయి.

రైల్వే స్టేషన్ ఎదురుగా రోడ్డవతల మసీదు. పేవ్‌మెంటు మీద నిలబడి తల ఎత్తి చూసింది. నిజమే. కప్పు మడతల్లో సగం అప్పటికే నీలమైపోయాయి. కింద పలకలు లెక్కపెట్టుకుంటున్న కుర్రమేస్త్రీని పట్టుకుంది.

“ఎవర్నడిగి మారుస్తున్నార్రా రంగు?”

“నన్నడుగుతావేంటి పెద్దమ్మా, పైవాళ్ళనడుగు. ఇంతకీ నువ్వెవరు?”

“ఆ కప్పు నాది.”

కుర్రాడు నవ్వాడు. నవ్వడా మరి. దేశానికంతటికీ ఉన్న ఒక్క మసీదు కప్పుని నాది అని ఒక ముసలావిడ బస్సు దిగొచ్చి అంటే ఎవరైనా నవ్వుతారు. కానీ మా కాంపుంగ్ బారు పేటలో ఎవరినైనా అడగండి, నవ్వరు. అవునండీ, అది కల్సుమ్ గొడుగే అంటారు. ఎందుకంటారో చెబుతాను, వినండి.

అప్పటికి మా దేశానికి స్వతంత్రం వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. స్వతంత్రం వచ్చిన సంతోషానికి గుర్తుగా కౌలాలంపూర్‌లో ఒక పెద్ద మసీదు కడదామనుకున్నారు. దేశాన్ని నడిపే పెద్దమనిషి పేరు పెడదామంటే ఆయనే వద్దన్నాడట. అందుకే అది ఎవరి మసీదూ కాదు, దేశం మసీదు. చందాలు వేసినవాళ్ళలో ముస్లిములే కాదు, చీనా దుకాణదారులున్నారు, రబ్బరు తోటల తమిళులున్నారు, చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు. పటం గీసినవాళ్ళు మాత్రం మసీదంటే ఉల్లిగడ్డ లాంటి గుమ్మటం అనే మాట పక్కన పెట్టేశారు. తెరిచిన గొడుగులా మడతలు మడతలుగా కప్పు, దాని పక్కన మూసిన గొడుగు నిలబెట్టినట్టు మినారు. చుట్టూ గోడలకి బదులు గాలి ఆడే జాలీలు, నీడ పడే వరండాలు, నీళ్ళ మడుగులు.

ఈ గొడుగు సంగతి మా పేట నమాజు ఇంటి పెద్ద హాజీ మారూఫ్‌గారికి మొదట్నుంచీ మింగుడు పడలేదు. శుక్రవారం శుక్రవారం వచ్చి పని చూసి, గడ్డం నిమురుకుని, “మసీదంటే గుమ్మటం ఉండాలయ్యా. వానకి దాక్కునేవాడి ఇల్లులా ఉందిది” అనేవాడు.

దానికి జవాబు చెప్పే నోరు కల్సుమ్ మొగుడు దెరుస్‌కి లేదు. చేతులకి మాత్రం ఉంది. దెరుస్‌ది తూర్పు తీరం, తెరెంగాను, పడవలు కట్టే ఇల్లు. అక్కడ తాతల కాలం నుంచీ కాగితం మీద గీత గీయకుండా సముద్రంలో తిరిగే పడవ కట్టేస్తారు. అతను ఇక్కడ కప్పుకి సెంట్రింగ్ చేసే వడ్రంగుల్లో ఒకడు. సెంట్రింగ్ అంటే తెలుసుగా, కాంక్రీటు పోయడానికి ముందు కట్టే చెక్క మూస. మామూలు స్లాబుకైతే బల్లలు పరిచి మేకులు కొడితే సరిపోతుంది. ఇది పైకి లేచి, వంగి, మళ్ళీ కిందకి దిగే మడత. “పడవని బోర్లించి కడుతున్నాననుకో” అనేవాడు ఇంట్లో. అతను వారంలో మాట్లాడే మాటల్లో సగం ఆ కప్పు గురించే.

కల్సుమ్ తెల్లవారకముందే కొబ్బరిపాల అన్నం వండి, పైన ఎండు చేపపిల్లల కారం పెట్టి, అరిటాకుల్లో పొట్లాలు కట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని పని దగ్గరికి వచ్చేది. మొగుడికి అన్నం పెట్టడం ఒక వంక. అసలు సంగతి, ఆ కప్పు లేవడం చూడకపోతే ఆమెకి పొద్దు గడిచేది కాదు. ఆమె దగ్గర తినేవాళ్ళలో హక్కా చీనా ఆడవాళ్ళ జట్టు ఒకటి. నల్లగుడ్డ తలకి చుట్టి, పైన వెడల్పాటి టోపీ పెట్టుకుని, పరంజా మెట్ల మీద వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతినుంచి చేతికి అందించేవాళ్ళు. వాళ్ళ పెద్ద ఫూంగ్ మూయ్. ఆమెకీ కల్సుమ్‌కీ ఒకరినొకరు ఎత్తిపొడవకపోతే తిన్నది అరగదు. వరస కలిపి వదినా అని పిలుచుకునేవాళ్ళు.

కప్పు మడతలు ఒక్కొక్కటిగా పోసుకుంటూ వస్తున్నారు. మడత మొదలెడితే అది పూర్తయ్యేదాకా ఆపకూడదు. ఆపితే పాత కాంక్రీటూ కొత్త కాంక్రీటూ కలవవు, సందు మిగిలిపోతుంది, అక్కడి నుంచే నీళ్ళు దిగుతాయి. మా ఊళ్ళో చిక్కేమిటంటే మధ్యాహ్నం దాటాక వాన వచ్చి తీరుతుంది. చివరి మడతకి ముందు మడత పోస్తుంటే సరిగ్గా అదే జరిగింది. తడి కాంక్రీటు మీద కుండపోత. పైపొరంతా కొట్టుకుపోయింది. చెక్కేసి మళ్ళీ పోయాల్సి వచ్చింది. దెరుస్ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని అన్నం వంకే చూస్తూ లేచిపోయాడు.

అదిగో, అప్పుడు కల్సుమ్ ఒక పని చేసింది.

పెళ్ళి విందు రోజున వాన రాకుండా మావాళ్ళు చేసే పనే అది. కొబ్బరి ఈనెకి ఎర్ర మిరపకాయ, ఉల్లిపాయ, వెల్లుల్లి గుచ్చి నేలలో నిలబెడతారు. ఇంట్లో కడగొట్టు బిడ్డ చేతికే అది పలుకుతుందంటారు, గుచ్చిన చెయ్యే తీస్తేగానీ మళ్ళీ వాన రాదంటారు. కల్సుమ్ తోబుట్టువులందరిలోకీ కడగొట్టుది. చివరి మడత పోసే రోజు పొద్దున్నే పరంజా మొదట్లో నేల గీకి మూడు ఈనెలు పాతింది. పాతి లేచేసరికి వెనక మూయ్.

“ఏంటి వదినా, నేలకి తాలింపు పెడుతున్నావా?”

“వాన రాకుండా.”

“మీ హాజీగారు చూస్తే నీకు తాలింపు పెడతాడు.”

“ఆయన చూడడు, నువ్వు చెప్పవు. దేవుడికి నేను ముందే చెప్పుకున్నాలే. నువ్వు నోరు కట్టేసుకుని తట్ట మొయ్యి.”

ఆ రోజు పని చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. తట్ట కింద నుంచి పైకి పోతుంటే ఎక్కడా ఆగలేదు. మధ్యాహ్నానికి నల్లటి మబ్బు స్టేషన్ గుమ్మటాల మీదికి వచ్చి నిలబడింది. కాసేపు ఉరిమింది, ఆలోచించుకుంది, క్లాంగ్ ఊరి వైపు వెళ్ళిపోయింది. సాయంత్రానికి చివరి మడత పూర్తయింది. ఎందుకు వెళ్ళిపోయిందంటే నన్నడక్కండి, మబ్బునడగండి. మూయ్ జట్టు ఆడవాళ్ళు మాత్రం కల్సుమ్‌ని చుట్టుముట్టి, నీ చెయ్యి మా ఊరికి అద్దెకిస్తావా అని ఆటపట్టించారు. దెరుస్ కిందకి దిగొచ్చి, ఆమె బుట్ట తన భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అతను ఆమె బుట్ట మోయడం అదే మొదటిసారి. కల్సుమ్ ఆ రాత్రి నవ్వు ఆపుకుంటూ పడుకుంది.

ఇల్లు అలకగానే పండగ కాదు. కాంక్రీటు పోయడం ఒక ఎత్తు, దాన్ని తడపడం ఒక ఎత్తు. పోసిన మర్నాటి నుంచి రోజుల తరబడి అది నీళ్ళు తాగుతూనే ఉండాలి, లేకపోతే ఎండకి పగుళ్ళిస్తుంది. చదును స్లాబైతే మడులు కట్టి నీళ్ళు నింపి ఊరుకోవచ్చు. ఈ వాలు మడత మీద నీళ్ళెక్కడ నిలుస్తాయి? గోనెపట్టలు పరిచి, వాటి మీద అస్తమానం పోస్తూనే ఉండాలి. సరిగ్గా ఆ మర్నాడే కిందనెక్కడో రోడ్డు తవ్వేవాళ్ళు ఊరి నీళ్ళ గొట్టం పగలగొట్టారు. పని దగ్గర కుళాయి దగ్గింది, బుసకొట్టింది, ఆగిపోయింది.

ఇంజనీరు హమ్దాన్‌గారు ఫోన్ దగ్గరే కూర్చున్నాడు. మంచివాడు, పని తెలిసినవాడు. ఎక్కడెక్కడికో ఫోన్ చేసి నీళ్ళ లారీ ఒకటి తెప్పించాడు. అది పట్టలు తడవడానికే సరిపోయింది. గొట్టం బాగవడానికి వారం పడుతుందన్నారు. పోనీ వాన వస్తే చాలు, ఆ కప్పు హాయిగా తడుస్తుంది. అడిగితే వస్తుందా? ఏడాదంతా పిలవని పేరంటంలా వచ్చే వాన ఆ రెండు రోజులూ మొహం చాటేసింది. ఆకాశం తోమిన పళ్ళెంలా మెరుస్తోంది.

అప్పుడు అందరికీ మిరపకాయలు గుర్తొచ్చాయి.

“కల్సుమక్కా, ఆకాశానికి తాళం వేశావు సరే, తాళంచెవి ఎక్కడ పారేశావు?” అన్నాడొక కూలీ. జనం నవ్వారు. నిన్నటిదాకా పొగిడిన నోళ్ళే. కల్సుమ్ ఈనెలు పీకడానికి పరంజా మొదట్లోకి వెళ్ళింది. వెళ్ళి చూస్తే అక్కడ నేలే కనబడలేదు. పాత మడతల కింద నుంచి ఊడదీసిన సెంట్రింగ్ బల్లలన్నీ తెచ్చి సరిగ్గా ఆ చోటే మనిషెత్తు పేర్చారు. లారీ వచ్చి ఎత్తేదాకా వాటిని కదిపే దిక్కు లేదు.

ఆ సంగతి హాజీ మారూఫ్‌గారి చెవిన పడకుండా ఉంటుందా? శుక్రవారం నమాజు కాగానే గొడుగేసుకుని వచ్చాడు. అవును, ఎండకి గొడుగు. కల్సుమ్ బుట్ట ముందు నిలబడ్డాడు.

“అల్లా ఇచ్చే వానకి అడ్డం కర్ర పెట్టావుటగా? అదీ మసీదు దగ్గర.”

“నేను చెడు కోరి చెయ్యలేదు హాజీగారూ. కప్పు బాగుండాలనే.”

“కప్పు బాగుండాలనేనా. విను. ఆ కప్పు పగిలిందా, రేపు లోపల నమాజు చేసుకునేవాడి నెత్తిన పడే ప్రతి చుక్కా నీ పేరు చెప్పుకునే పడుతుంది.”

చుట్టూ పనివాళ్ళు వింటూనే ఉన్నారు. దెరుస్ కూడా విన్నాడు. కల్సుమ్ మొగుడి వంక చూసింది, ఒక్క మాటన్నా అంటాడేమోనని. అతను తల వంచుకుని పరంజా ఎక్కేశాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ పుండు మీద కారం చల్లినట్టే ఉంది.

“నిన్నెవరడిగారు కల్సుమ్? అది నా చేతుల్తో కట్టింది. నా బతుక్కి ఒక్కటే కట్టగలను అలాంటిది.”

నిజం చెప్పాలంటే హాజీగారి శాపనార్థాలకి ఆమె ఏడవలేదు, ఈ మాటకి ఏడ్చింది. పొయ్యి ముందు కూర్చుని, పొగ వంక పెట్టుకుని ఏడ్చింది. పేరు పోతే పోనీ అనుకుంది. ఆ మడత పగిలితే దెరుస్ మళ్ళీ తల ఎత్తి ఆ కప్పు వంక చూడడు, ఆ సంగతి ఆమెకి తెలుసు. ఏదో ఒకటి చెయ్యాలి. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

మర్నాడు పొద్దున్న పని దగ్గరికి మొహం చెల్లక, బుట్ట పట్టుకుని రోడ్డుకి ఇవతల స్టేషన్‌లోకి వెళ్ళింది. ప్లాట్‌ఫారం చివర ఇంజన్‌కి నీళ్ళు పడుతున్నాడు అప్పలసామి. తెలుగువాడే, కింది పెరాక్ కొబ్బరితోటల్లో పుట్టి రైల్వేలో చేరినవాడు. ఆమె దగ్గర రోజూ ఒక పొట్లం తీసుకుంటాడు, రోజూ కారం ఎక్కువైందని సణుగుతాడు.

“రామ్మా. నీ మిరపకాయలు నా కడుపుకొక్కదానికే పడవనుకున్నాను, వానకీ పడలేదంటగా.”

కల్సుమ్ చూపంతా ఇనప స్తంభం నుంచి ఇంజన్ తొట్టిలోకి దూకుతున్న నీళ్ళ మీద ఉంది. తొట్టి నిండింది. అప్పలసామి గొట్టాన్ని పక్కకి తిప్పాడు. మిగిలిన నీళ్ళు ధారగా పట్టాల మధ్యకి పారి కాలవలో కలిసిపోయాయి.

“ఈ నీళ్ళెక్కడివి?”

“మా టాంకువి. ఊరి గొట్టంతో దీనికి సంబంధం లేదు.”

“రెండు బళ్ళ మధ్యలో ఇది ఖాళీగానే ఉంటుందిగా?”

అప్పలసామి ఆమె మొహం చూశాడు, రోడ్డవతల కప్పు చూశాడు. ఇక వేళాకోళం ఆడలేదు. పొట్లం కూడా విప్పకుండా స్టేషన్ దొరగారి గదిలోకి వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చాడు. “బండి లేనప్పుడు ఎంతైనా పట్టుకోమన్నారు. బండి వస్తే మాత్రం గొట్టం దానిదే.”

హమ్దాన్‌గారికి సంగతి చెబితే కుర్చీలోంచి లేచాడు. కానీ వెంటనే నుదురు రుద్దుకున్నాడు. ఉన్న చిన్న పంపు నీళ్ళని నేల దాకా తెస్తుంది, అంత ఎత్తుకి కొట్టలేదు. పైకి మనుషులే మోయాలి. పోయడం పని అయిపోయింది కాబట్టి మూయ్ జట్టు ఆ రోజే మూటలు సర్దుకుని పెటాలింగ్‌లో వేరే పనికి వెళ్ళిపోతోంది. లారీ ఎక్కబోతున్న మూయ్ దగ్గరికి కల్సుమ్ పరిగెత్తింది. ముందు స్టేషన్ నీళ్ళ టాంకు వైపు, తరవాత కప్పు వైపు చెయ్యి చూపించింది. మూయ్‌కి అర్థమైంది.

“మేం కాంక్రీటు ఎక్కించాం. నీళ్ళెక్కించలేమా?” అని, లారీ వైపు తిరిగి తనవాళ్ళకి హక్కాలో ఏదో కేకేసింది. ఆడవాళ్ళంతా టోపీలు సర్దుకుంటూ దిగిపోయారు. అటు పని పోతుందేమో అని ఒకామె గొణిగితే మూయ్ ఒక్క చూపు చూసింది. గొణుగుడు ఆగింది.

వాళ్ళొక్కళ్ళూ చాలరు. స్టేషన్ నుంచి రోడ్డు దాటి, మెట్లెక్కి, పరంజా మీదుగా కప్పు దాకా అంటే చాలా పెద్ద వరస కావాలి. కల్సుమ్ కాంపుంగ్ బారుకి వెళ్ళి ఇల్లిల్లూ తట్టింది. గుమ్మాల్లో నిలబడి ఒకటే మాట.

“తప్పంతా నా మిరపకాయలదే అనుకోండి. నన్ను తిట్టడానికైనా రండి. వచ్చేటప్పుడు బకెట్ తెచ్చుకోండి.”

తిట్టడానికి వచ్చినవాళ్ళు తక్కువ, బకెట్లు తెచ్చినవాళ్ళు ఎక్కువ. ఇదీ మా పేటంటే. పెళ్ళికి పందిరి వేయాలన్నా, చెక్క ఇంటిని ఉన్నదున్నట్టుగా ఎత్తి భుజాల మీద వేరే చోటికి మార్చాలన్నా మావాళ్ళకి ఒక్క కేక చాలు. బియ్యం కడిగే గిన్నెలు, బట్టల తొట్లు, పిల్లల స్నానాల బకెట్లు అన్నీ వచ్చాయి. స్టేషన్ కూలీలు వచ్చారు. రిక్షావాళ్ళు బళ్ళు పక్కన పెట్టి వచ్చారు. మూయ్ అందరినీ అడుగు అడుగుకీ నిలబెట్టి పాఠం చెప్పింది. “బకెట్ వంక చూడకండి. పక్కవాళ్ళ చేతుల వంక చూడండి. చెయ్యి ఖాళీ అయితే బకెట్ దానంతటదే వస్తుంది.”

మొదటిరోజు సగం నీళ్ళు రోడ్డు పాలయ్యాయి. రెండో రోజుకి చేతులు దారిలో పడ్డాయి. అప్పుడొచ్చాడు హాజీ మారూఫ్‌గారు, చేతిలో బకెట్‌తో, లుంగీ ఎగ్గట్టి. వరసలో ఖాళీ ఎక్కడుందో అక్కడ నిలబడ్డాడు. అది సరిగ్గా మూయ్ పక్కన. చిక్కు అక్కడొచ్చి పడింది. పరాయి ఆడదాని చెయ్యి తగలకూడదని హాజీగారు ప్రతి బకెట్టూ నేల మీద పెడతాడు. మూయ్ వంగి తీసుకోవాలి. వెనక వరసంతా ఆగిపోయింది, కింద నుంచి కేకలు. మూయ్‌కి ఒళ్ళు మండింది.

“ఏవయ్యా హాజీగారూ, నీళ్ళు అందిస్తున్నారా, పడుకోబెడుతున్నారా?”

హాజీగారి మొహం కందిపోయింది. కల్సుమ్ వచ్చి చూసి, కింది వరసలో ఉన్న హాజీగారి భార్యని చెయ్యి పట్టుకు తెచ్చి ఇద్దరి మధ్యా నిలబెట్టింది. బకెట్ మొగుడి చేతి నుంచి పెళ్ళాం చేతికి, పెళ్ళాం చేతి నుంచి మూయ్ చేతికి. వరస మళ్ళీ కదిలింది. “ఇన్నాళ్ళకి ఈయన నా చేతికి నీళ్ళందించాడు” అంది హాజీగారి భార్య. మెట్ల మీద నవ్వు పైదాకా పాకింది. హాజీగారు కూడా గడ్డంలో నవ్వుకున్నాడని కొందరంటారు.

దెరుస్ కప్పు మీదే ఉండిపోయాడు. వచ్చిన ప్రతి బకెట్టూ తనే అందుకుని, వాలు పైనుంచి మెల్లగా, తల మీద నూనె పోసినట్టు పోశాడు. గోనెపట్ట అంచు ఆరితే చేత్తో తడిమి చూసి మళ్ళీ పోసేవాడు. కల్సుమ్‌తో ఆ రోజు దాకా మాట్లాడలేదు. సాయంత్రం ఎండ వాలుతుండగా పైనుంచి అతని గొంతు వినబడింది.

“కల్సుమ్, నీళ్ళు పంపు.”

ఎంతో మంది ఉన్నారు ఆ వరసలో. అతను పిలిచింది కల్సుమ్‌ని. ఆమె బకెట్ మీదికి వంగి కళ్ళు తుడుచుకుని, “వస్తున్నాయి” అని గట్టిగా అరిచింది.

గొట్టం బాగై కుళాయి మళ్ళీ బుసకొట్టేదాకా ఆ వరస తెగలేదు. రైలు వచ్చినప్పుడల్లా ఆగింది, వెళ్ళగానే కదిలింది. హమ్దాన్‌గారు గోనెపట్టలు ఎత్తించి మడతంతా వేళ్ళతో తడుముతూ చూశాడు. ఒక్క బీట లేదన్నాడు. అయినా అసలు సంగతి తేలాల్సింది వానలోనే.

వాన మాత్రం చినుకులు తప్ప గట్టిగా రాలేదు. కింద కర్రలు తీసే రోజు వచ్చింది. మూస ఊడదీశారు. కప్పు తన కాళ్ళ మీద తాను నిలబడింది. ఆ పొద్దున్నే హాజీగారు, పేట పెద్దలు చీపుళ్ళు తెచ్చి లోపల నేల ఊడ్చి, చాపలు పరిచి, కృతజ్ఞతగా నుదురు నేలకి ఆనించి లేచారు. మధ్యాహ్నం లారీ వచ్చి బల్లల గుట్ట ఎత్తేసింది. కల్సుమ్ వెంటనే అక్కడికి వెళ్ళింది. ఈనెలు కుళ్ళి వాలిపోయి ఉన్నాయి. వాటి పక్కనే, చీకట్లో తెల్లగా పాలిపోయి, సందులో వెలుగు వైపు మెడ సాచి ఒక మిరప మొక్క. పైనుంచి కారిన నీళ్ళు తాగి మొలిచిందన్నమాట. కల్సుమ్ ఈనెలు పీకి అవతల పారేసింది. మొక్కని మట్టితో సహా కొంగులో పెట్టుకుంది.

గంటలో మబ్బు పట్టింది. కాకి వాలిందీ తాటిపండు పడిందీ అనండి, ఇంకేమైనా అనండి. మా పేట ఆడవాళ్ళు మాత్రం దీని మీద వాదన ఒప్పుకోరు.

వాన వచ్చింది. అలాంటిలాంటి వాన కాదు, ఇన్నాళ్ళు దాచుకున్నదంతా ఒక్కసారి కుమ్మరించింది. పనివాళ్ళంతా కప్పు కిందికి పరిగెత్తారు. అందరూ తలలెత్తి పైకి చూస్తున్నారు. దెరుస్ ఒక్కడే నేల చూస్తున్నాడు. చాప వేయని చోట సన్నటి సిమెంటు దుమ్ము పరుచుకుని ఉంది. పైనుంచి ఒక్క చుక్క పడినా అక్కడ మచ్చ పడుతుంది. చివరి మడత కింద నిలబడి ఆ దుమ్మునే చూస్తున్నాడు. కల్సుమ్ అతని పక్కకొచ్చి నిలబడింది. కప్పు మీద వాన హోరు. మడతల కాలవల్లోంచి నీళ్ళు ధారలు కట్టి బయటికి దూకుతున్నాయి. దుమ్ము దుమ్ములాగే ఉంది. కాసేపటికి దెరుస్ చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది, అందరి ముందూ.

అప్పుడు చూసింది కల్సుమ్, బయట మెట్ల కింద వానలో నిలబడ్డ మూయ్‌ని. తట్టలు మిగిలిపోతే తీసుకెళ్ళడానికి పెటాలింగ్ నుంచి వచ్చిందట. పొద్దున్న నమాజు జరిగిందని ఎవరో చెప్పారు. ఇక ఇది పని చోటు కాదు, దేవుడి చోటు అనుకుని, సిమెంటు అంటిన బూట్లతో అక్కడే ఆగిపోయింది. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కల్సుమ్ పిలుద్దామని నోరు తెరిచి, హాజీగారి వైపు చూసి ఆగింది. ఆ ముసలాయనతో మళ్ళీ గొడవ పడే ఓపిక ఆమెకి లేదు.

హాజీ మారూఫ్‌గారు అప్పటికే అంచు దాకా నడిచి వెళ్ళాడు. వాన జల్లు ఆయన గడ్డం తడిపింది.

“గొడుగు ఎత్తినవాళ్ళే తడుస్తూ నిలబడితే, చూసేవాళ్ళు మమ్మల్ని ఏమంటారమ్మా? లోపలికి రా.”

మూయ్ బూట్లు విప్పి పక్కపక్కన పెట్టి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, వట్టి కాళ్ళతో మెట్లెక్కి వచ్చింది. చాపల మీద కాలు పెట్టకుండా అంచున నడుస్తూ కల్సుమ్ పక్కకి చేరింది. తను మోసిన తట్టలన్నీ కలిసి గట్టిపడ్డ ఆ మడత వంక తల ఎత్తి చాలాసేపు చూసింది.

“మన గొడుగు కారట్లేదు వదినా” అంది.

కల్సుమ్ కొంగులో మొక్క నలగకుండా జరిగి మూయ్‌కి చోటిచ్చింది. వాన తగ్గేదాకా దెరుస్‌తో కలిపి ముగ్గురూ అక్కడే నిలబడ్డారు.